ఫ్యాను సూత్రానికి గోల్నాక టీక

మూలం: 9¼ × 11 – జె

అవతారిక. ఈ సూత్రం ఏ తాళపత్రంలోనూ దొరికింది కాదు. ఉప్పాడ ఒడ్డున ఒక ఫైబర్ తెప్ప వెనక వేలాడే 15 హార్స్‌పవర్ ఇంజను ఫ్యాను బొడ్డు మీద చెక్కి ఉంది. తెప్ప యజమాని కొడుకు ఉస్మానియాలో తెలుగు ఎం.ఏ. చదువుతూ గోల్నాకలో నా పక్క గదిలో ఉంటాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. తెప్పలు ఇసకెక్కి, ఇంజన్లు మెకానిక్కుల బల్లలెక్కే ఆ రోజుల్లో తండ్రి ఫొటో పంపి ఫోను చేశాడు. "మాస్టారండీ, ఎంతటి పద్యానికైనా మీరు అర్థం చెబుతారని మావాడు అంటున్నాడు. ఈ నంబరుకి చెప్పండి చూద్దాం. వలలెక్కిస్తే చాలు, ఇంజను ఏడుస్తోందండి."

కొల్చారం మల్లినాథసూరి మన మెదకు వాడే. కాళిదాసుకు వ్యాఖ్య రాస్తూ, ఆధారం లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని ఒట్టు పెట్టుకున్నాడు. ఆ ఒట్టులో మొదటి సగం నాకూ వర్తిస్తుంది.

అధికారి విచారం. గోల్నాకలో కూర్చున్నవాడికి ఫ్యాను గురించి చెప్పే అధికారం ఉందా? మా పేటకు దగ్గర్లో ఉన్న నీళ్లు మూసీవి. అందులో తిరిగేది ఫ్యాను కాదు, కడుపు. అయినా ఉందనే చెప్పాలి. సముద్రపు నీటి వేడినీ రంగునూ ఉపగ్రహాల కంటితో చూసి, చేపలు ఎక్కడ గుమిగూడతాయో జాలర్లకు చెప్పే ఇన్‌కాయిస్ సంస్థ 1999 నుంచి ఈ హైదరాబాదులోనే ఉంది. చేపల జాడ ప్రగతినగర్‌లోని ఆ సంస్థ చెప్పగా లేనిది, ఫ్యాను జాడ గోల్నాక చెబితే తప్పేమిటి?

ప్రతిపదార్థం. 9¼ = తొమ్మిదింపావు అంగుళాలు; ఒక చుట్టు తిరిగినప్పుడు రెక్కల కొసలు గీసే వలయానికి అడ్డుకొలత. ఇది ఎంత పెద్దదైతే అంత నీటిని పట్టుకుంటుంది. బరువుగా, నిదానంగా పోయే పడవకు పెద్ద వలయమే మేలు. కానీ పైన ఇంజను పలక అడ్డుంటుంది గనక ఇక్కడ మన ఇష్టం పెద్దగా సాగదు.

× = గుణకారమని లెక్కల పండితులు పొరబడతారు. గుణిస్తే 101¾ వస్తుంది, దానితో ఏం చేసుకోవాలో ఆ పండితులే చెప్పాలి. ఇది ద్వంద్వ సమాసపు గుర్తు: 'వలయమును, పిచ్చును'.

11 = పిచ్. సూత్రానికి ప్రాణం ఇక్కడుంది. బోల్టు మీద నట్టు తిరిగినట్టు, నీళ్లు కదలకుండా గట్టిగా ఉన్నాయనుకుంటే, ఒక్క చుట్టుకు ఫ్యాను ముందుకు జరిగే దూరం 11 అంగుళాలు. నీళ్లు గట్టిగా ఉండవు. వెనక్కి జారతాయి, పడవ ఆ మేరకు వెనకబడుతుంది. దీన్నే స్లిప్ అంటారు. మెకానిక్కులు 'జారుడు' అన్నా వ్యాకరణం ఒప్పుకుంటుంది.

జె = శాఖానామం. కృష్ణ యజుర్వేది, శుక్ల యజుర్వేది అన్నట్టు, ఈ ఫ్యాను ఏ ఇంజన్ల కుటుంబానిదో చెబుతుంది. లోపలి పళ్లు ఇరుసు పళ్లతో కలవకపోతే మిగతా అంకెలు ఎంత బాగున్నా సంబంధం కుదరదు.

పూర్వపక్షం. పిచ్ పెద్దదైతే ఒక్క చుట్టుకు ఎక్కువ దూరం కదా, మరి 11 కన్నా 13 మేలు కాదా? ఇంజను నిమిషానికి 5,000 చుట్లు తిరిగి, గేరులో అది సగమై, ఫ్యాను 2,500 తిరిగిందనుకోండి. 11 పిచ్‌తో గంటకు 42 కిలోమీటర్లు లెక్క తేలుతుంది, 9తో 34. కొట్టువాడు ఏది అమ్ముతాడో చెప్పక్కర్లేదు.

సిద్ధాంతం. ఇంజను అసలు 5,000 తిరిగితే కదా! నలుగురు మనుషులు, తడిసిన వలలు, ఐసు పెట్టె, డబ్బాల్లో ఆయిలు. ఆ బరువు మీద 11 పిచ్ వేస్తే, వెనక ఇద్దరినీ మధ్యలో గ్యాస్ బండనూ పెట్టుకుని నాలుగో గేరులో తార్నాక వంతెన ఎక్కించినట్టే. త్రాటిల్ పూర్తిగా తిప్పినా బండి మూలుగుతుంది, ఆయిలు మాత్రం తాగుతుంది. నా మాట మీద మెకానిక్కు దగ్గర మీటరు అరువు తెచ్చి, ప్లగ్గు వైరుకు తగిలించి చూశారు. నిండు బరువుతో, పూర్తి త్రాటిల్‌లో 4,200. ఇంజను పుస్తకంలో ఉండాల్సింది 4,500 నుంచి 5,500. ఏడుపుకు కారణం దొరికింది. పిచ్ ఒక్క అంగుళం తగ్గిస్తే ఇంచుమించు 150 నుంచి 200 చుట్లు పెరుగుతాయని ఈ శాస్త్రంలో పెద్దల లెక్క. కాబట్టి 11 స్థానంలో 9 చదువుకోవాలి. మరీ తగ్గించి 7 వేస్తే ఖాళీగా వెళ్లేటప్పుడు ఇంజను గీ పెట్టి హద్దు దాటుతుంది, అదీ దోషమే. ఏ అంకె సరైనదో బొడ్డు మీద రాసి ఉండదు. నిండు తెప్పతో సముద్రంలోకి వెళ్లి మీటరు చూడటమే ప్రమాణం.

పాఠాంతరాలు. రాయి తగిలి రెక్క కొస వంగితే అది లేఖక దోషం. సుత్తితో సాగగొడితే రెక్కకో పిచ్ వస్తుంది, ఇంజను వణుకుతుంది. అల్యూమినియం రెక్క దెబ్బకు తానే వంగి గేరును కాపాడుతుంది. స్టీలుది మొండిది, సన్నగా బాగా కోస్తుంది గానీ దెబ్బను లోపలికి పంపుతుంది. అందుకే బొడ్డులో రబ్బరు బుష్షు పెడతారు, ఇసకలో కూరుకున్నప్పుడు అది జారుతుంది. ఒడ్డు కెరటాలు దాటి రోజూ ఇసక తాకే ఉప్పాడ తెప్పకు అల్యూమినియమే చాలునని నా పక్షం, ఖర్చు సంగతి అటుంచినా.

ప్రక్షిప్తం. ఫ్యాను వెనక ఇరుసుకు చుట్టుకున్న నైలాను దారం మూలంలోది కాదు, వలలోది. ఊడదీయకపోతే ఆయిల్ సీలును కోసి గేరు పెట్టెలోకి ఉప్పునీరు పంపుతుంది. ఎం.ఏ. విద్యార్థి ఫొటోను పెద్దది చేసి, బొడ్డు వెనక ఆకుపచ్చ పోగు ఒకటి నాకు చూపించాడు. వాడి చూపు పరిశోధనకు పనికొస్తుంది.

ఐతిహ్యం. దెబ్బ తిన్న పాఠం ఒక్కోసారి మూలాన్ని మించుతుంది. 1837లో ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్ అనే ఆంగ్లేయుడు లండన్ కాలువలో పడవ నడుపుతుంటే, రెండు చుట్ల చెక్క మరలో సగం విరిగిపోయింది. ఆగుతుందనుకున్న పడవ మునుపటికన్నా వేగంగా పోయింది! ఆ మిగిలిన ముక్కే ఇవాళ్టి ఫ్యానుకు పెద్ద తాత. ఈ కథ చెప్పగానే "అయితే మాదీ కొంచెం విరగ్గొడదామా మాస్టారండీ?" అని అటునుంచి అడిగారు. వద్దన్నాను.

తాత్పర్యం. బొడ్డు మీది అంకె ఫ్యాను కొలతే చెబుతుంది. తెప్ప మోసే బరువు దానికి తెలియదు.

జూన్ మూడో వారంలో ఫోను. "తొమ్మిది వేశామండీ. నిండు వలలతో 4,600 చూపించింది. ఏడుపు మానేసింది."

"పాత పదకొండు ఏం చేశారు?"

"మా తమ్ముడికిచ్చానండీ. వాడు ఒక మనిషిని తోడు తీసుకుని గేలాలకు పోతాడు, బరువేం ఉండదు. వాడి తెప్పకు బ్రహ్మాండంగా కుదిరింది. ఇంతకీ వాడు అడగమన్నాడండీ, ఆ చివర జె అంటే ఏంటని?"