లాభం, రెండు, మూడు

నూజివీడు సీమలో పుట్టి పెరిగినవానికి లెక్కపెట్టుట యనగా అంకెల వరుస మాత్రమే కాదు. అదియొక ఆచారము, ఒక మర్యాద, కొంతవరకొక మంత్రము. కళ్లములో ధాన్యము కొలుచునపుడు గాని, తోటలో కాయ ఎంచునపుడు గాని మా పెద్దలు 'ఒకటి' అని మొదలుపెట్టిన పాపమున పోలేదు. మొదటి కుంచమునకు 'లాభం' అందురు. పిమ్మట 'రెండు', 'మూడు' అని సాగుదురు. ఏడవదానికి వచ్చుసరికి, 'ఏడు' అను మాట ఏడ్పును స్ఫురింపజేయునను శంకతో, 'ఆరున్నొకటి' అని మెల్లగా దాటి ఎనిమిదిలో అడుగుపెట్టుదురు. ఈ రెండు శుభాచారములను మామిడితోట నుండి గోల్ఫు మైదానమునకు కొనిపోయి, వాని బలముచేతనే కప్పులు గెలుచుకొని వచ్చిన ఒక మహనీయుని గూర్చి నాలుగు మాటలు వ్రాయుట నా సంకల్పము.

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరుతో మనకు పనిలేదు. అట్టివారు ఏ క్లబ్బులోనైనను ఒకరిద్దరుందురు గనుక, ఒక్కరి పేరు చెప్పి తక్కినవారిని చిన్నబుచ్చుట భావ్యము కాదు. మేము మాత్రము చాటున 'కొసరుగారు' అందుము. ఆగిరిపల్లి దారిలో ఆయనకు తోట గలదు. చిన్నరసాలు, బంగినపల్లి, లోకమంతయు తోతాపురి అనుచుండగా మావైపు 'కలెక్టరు' అని గౌరవముగా పిలుచుకొను కాయ, అన్నియు అందు కాచును. మనిషి ఆజానుబాహువు, నుదుట కుంకుమరేఖ, మాటలో తేనె. ఇంటికి వచ్చినవానికి రసము పిండి పెట్టనిదే పంపడు. దానధర్మములలో చేయి పెద్దది, అప్పు తీసికొన్న గడువుకు తీర్చును, కోర్టుకెక్కి ఎన్నడును అబద్ధమాడలేదు. ఇన్ని సుగుణములును ఆట అనునది మొదలుకాగానే, పూజగదిలోనికి పోవుచు చెప్పులు విడిచినట్లు, గడప బయట విడిచివేయును.

గోల్ఫునకు రాకపూర్వము ఊరి క్లబ్బులో ఆయన చేయిపెట్టని ఆట లేదు. షటిల్‌లో అవతలివారు కొట్టిన కాక్ గీతకు జానెడు లోపల పడినను, అది నేల తాకకమునుపే 'అవుట్' అని ధర్మనిర్ణయము చేయుచుండెను. క్యారమ్స్‌లో చొక్కా చేతిమడత తగిలి, బిళ్లలు వానంతట అవియే గుంట చేరుచుండెను. చదరంగమున ఎదుటివాడు మంచినీళ్లకు లేచిపోయి తిరిగి వచ్చుసరికి, వాని ఏనుగు ఏదో జ్ఞాపకము వచ్చినట్లు ఒక గడి వెనుకకు నడచి యుండెను. అయినను ఈ ఆటలన్నింటను ఎదుటివాడు ఎదుటనే కూర్చుండు అసౌకర్యమొకటి గలదు. ప్రతిభకు తగిన మైదానము దొరకక కొసరుగారు చాలకాలము క్రుంగిపోయిరి.

ఆ మైదానము అమెరికాలో దొరికినది. డాలస్‌లోనున్న పెద్దకుమారుని చూడబోయి, ఆ అబ్బాయి ఆదివారము గోల్ఫు ఆడుచుండగా వెంబడించి, సాయంకాలమునకు ఆయన కనుగొన్న పరమరహస్యమిది: ఈ ఆటలో రిఫరీ వెంట నడవడు; ఆడువారు ఒకరికొకరు బారలకొలది దూరమున, ఒకడు పొదలో, ఒకడు ఇసుకలో, ఎవని కష్టము వాడు పడుచుందురు; ఎన్ని దెబ్బలకు బంతి గుంటలో పడినదో కొట్టినవాడే చెప్పును, తోటి ఆటగాడు దానిని నమ్మి చీటిపై వ్రాయును. అనగా నేరము చేయువాడును, సాక్ష్యము చెప్పువాడును, తీర్పు తీర్చువాడును ఒక్కడే. "ఇన్నాళ్లూ ఈ ఆట మనకెందుకు తెలియకుండా దాచారండీ!" అని నాతో అన్నప్పుడు ఆయన కనులు చెమర్చినవి.

నూజివీడులో గోల్ఫు మైదానము లేదు. తెలుగుదేశమున ఆ ఆటకు విశాఖపట్టణమున తెల్లదొరల నాటినుండి చోటున్నది. హైదరాబాదులో గోల్కొండ కోట నయాఖిల్లా గోడల నడుమ, వందల యేండ్ల హతియాన్ చెట్టు ఉన్న ఆవరణలోనే, పచ్చిక పరచి ఆడుచున్నారు. కొసరుగారు చేరినది ఈ రెండును గాక వేరొకచోటు. దాని పేరు నేను చెప్పను, మీరు అడుగవలదు.

ఆ ఆట ధర్మము తెలియనిదే ఆయన ఘనత తెలియదు గనుక ఒక పాతముచ్చట చెప్పవలెను. 1925లో అమెరికా ఓపెన్ పోటీలో బాబీ జోన్స్ అను యువకుడు, జీతము పుచ్చుకొనక సరదాకే ఆడువాడు, గడ్డిలోనున్న బంతిని కొట్టబోవుచుండగా అది కొంచెము కదలినది. కదలుట చూచినవాడు వాడొక్కడే. అధికారులు తాము చూడలేదనిరి. వాడు మాత్రము పట్టుబట్టి తన లెక్కలో ఒక దెబ్బ అధికముగా వేయించుకొనెను. ఆ ఒక్క దెబ్బ వలననే పోటీ సరిసమానమై, మరల ఆడవలసివచ్చి, తుదకు ఓడిపోయెను. ఈ కథ నేను భక్తితో చెప్పగా కొసరుగారు భక్తితోనే విని, నిట్టూర్చి, "ఎంత వయసండీ అప్పటికి?" అనిరి. ఇరువదిమూడేండ్లంటిని. "అదీ సంగతి. పాపం, అనుభవం చాలదు," అని జాలిపడిరి.

ఒకసారి ఆయన అతిథిగా నేనును మైదానమంతయు వెంట నడచితిని. ఆట తెలియనివాడను గనుక, పొరపాటు పడకుండుటకై జేబులో గుప్పెడు చింతగింజలు పోసికొని, ఆయన కర్ర ఎత్తినప్పుడెల్ల ఒక గింజను కుడిజేబు నుండి ఎడమజేబులోనికి మార్చుచుంటిని. నాలుగు దెబ్బలలో ముగించవలసిన గుంట అది. మొదటి దెబ్బకు బంతి తుమ్మపొదలోనికి పోయెను. రెండవసారి కర్ర గాలిని మాత్రమే కోసి, బంతి తపోనిష్ఠలోని మునివలె కదలక యుండెను. తరువాత రెండు దెబ్బలకు పొదవీడి బంతి ఇసుకగుంటలో దిగబడినది, ఇసుకలో ఒక దెబ్బ, పచ్చికకు చేరుటకు రెండు, గుంట దాపునకు ఒకటి, గుంటలో పడుటకొకటి. నా ఎడమజేబులో తొమ్మిది గింజలున్నవి. కొసరుగారు చీటి వ్రాయువానివైపు తిరిగి, మందహాసముతో, "అయిదు వేసుకోండి" అనిరి.

దారిలో నేను జేబు చూపితిని. ఆయన కోపగించుకొనలేదు, పిల్లవానికి ఎక్కము చెప్పు ఓరిమితో వివరించిరి. "మొదటిది లాభమండీ. మన తాతలనాటి ఆచారం. లాభాన్ని దెబ్బల్లో కలిపేస్తే అరిష్టం. రెండోది బంతికి తగల్లేదు. తగలనిదాన్ని దెబ్బ అంటారా? ఇసుకలో కొట్టింది ఇసుకలో కొట్టినట్టుగానీ మైదానంలో కొట్టినట్టెలా అవుతుంది? ఇక చివరిది జానెడు దూరం. అది పడేదే కదా! పడేదాన్ని పడిందనుకోవటం మర్యాద. అది కొసరు." తొమ్మిదిలో నాలుగు పోగా అయిదు. తర్కశాస్త్రము చదివినవాడెవడైన ఇందు దోషము చూపగలిగిన చూపవచ్చును. ఎదురెదురుగా ఇద్దరాడు పోటీలో జానెడు దూరపు బంతిని ప్రత్యర్థి ఉదారముగా విడిచిపెట్టవచ్చునట. దెబ్బల లెక్కతో సాగు పోటీలో మాత్రము చివరి అంగుళము కూడ కొట్టియే తీరవలెనట. ఇచ్చువాడు లేకున్నను పుచ్చుకొనుట తెలిసినవారికి ఈ భేదముతో నిమిత్తము లేదు.

తరువాతి గుంటకు దెబ్బలు నిజముగానే ఏడు పట్టినవి. ఆ అశుభసంఖ్యను ఆయన నోటితో పలుకరు గదా. 'ఆరు' అని గట్టిగా చెప్పి, 'న్నొకటి' అనుదానిని మీసములలో కలిపివేసిరి. కురుక్షేత్రమున ధర్మరాజు కుంజరమన్న మాటను గొంతు తగ్గించి పలికినంతనే, అంతవరకు నేలకు నాలుగంగుళముల ఎత్తున నడచిన ఆయన రథము పుడమిపై పడినదని చెప్పుదురు. కొసరుగారి బంతి విషయమున జరుగునది దీనికి విపర్యయము: ఆయన గొంతు తగ్గిన కొలదిని అది గుంతలోనుండి పైకి లేచి చదునైన పచ్చికపై కూర్చుండును. ప్రభుత్వమువారు 2022లో నూజివీడును కృష్ణా జిల్లా నుండి ఏలూరు జిల్లాకు జరుపుటకు ఎన్ని కాగితములు, ఎన్ని సంతకములు వలసెనో! కొసరుగారు బంతిని పొదలోనుండి దారిలోనికి జరుపుటకు బూటుకొన చాలును.

బంతి తప్పిపోవుటయు ఆయనకు కష్టము కాదు. వెదకుటకు పూర్వము అయిదు నిమిషములుండెడిది. 2019 నుండి మూడు నిమిషములే. ఆ లోపల దొరకనిచో దండుగ పడును. రెండు నిమిషములు అందరును వంగి వెదకుదురు. మూడవ నిమిషమున కొసరుగారు మాత్రము నిటారుగా నిలిచి ఆకాశము వంక చూతురు. అపుడు చిల్లుజేబు వెంట, పంట్లాము కాలి మీదుగా, ముదిరిన రసము తొడిమ వీడి రాలినంత సహజముగా ఒక బంతి నేలకు జారును. "ఇదుగో, ఇక్కడే ఉందండీ!" తోటలో రాలుకాయ దొరికినవానిదే, ఇందు వాదమేమున్నది?

అయితే ఇవన్నియు చిల్లర విద్యలు. ఆయన మూలధనము 'హేండికాప్' అను దానియందున్నది. బలహీనుడు బలవంతునితో సమానముగా ఆడుటకు వీలుగా, చేతకానివానికి కొన్ని దెబ్బలు తగ్గించి లెక్కింతురు. ఎంత చేతకాకున్న అంత తగ్గింపు. 2020 నుండి లోకమంతటికిని ఒక్కటే పద్ధతి వచ్చినది, అందు 54 వరకు తగ్గింపు గలదు. ఈ ఏర్పాటు విన్ననాడు కొసరుగారికి కొత్తగా తోచలేదు. తోటను పూత మీద గుత్తకు కొనువాడు చేయునది ఇదియే గదా! చెట్టు చెట్టుకును నిండుగా పూసియుండగా, పెదవి విరిచి, "తేనెమంచు పురుగు పట్టేసిందండీ, పూత నిలవదు, పిందె రాలిపోతుంది, ఏదో మీ మొహం చూసి కొనటమే" అని ధర దించును. కొనుట ముగిసిన మరునాడే ఆ తోట ఇంద్రుని నందనమగును. కొసరుగారు పోటీలకు నెలరోజుల ముందునుండి తమ దేహమునే అట్టి తోటగా చేసికొందురు. నడుము పట్టినదందురు, కంటికి శుక్లములందురు, అభ్యాసపు ఆటలలో చక్కని బంతులను కావలెననియే చెరువులో వేయుదురు, చీటీలలో ఘోరమైన అంకెలు వ్రాయించుకొందురు. అప్పుడు మాత్రము 'లాభం' కూడ దెబ్బయే, గాలిదెబ్బయు దెబ్బయే, ఇసుకయు మైదానములోని భాగమే. ఏడు ఏడే, ఒక్కొకప్పుడు ఎనిమిది. తగ్గింపు దండిగా స్థిరపడిన పిమ్మట, పోటీనాటి ఉదయమున, తిరుమల కొండకు మ్రొక్కుబడి చెల్లించిన రోగివలె లేచి నిలుతురు.

ఆ విధముగా గెలిచిన కప్పులు ఆయన చావడిలో అలమార నిండుగా నున్నవి. పైనున్నది వెండిపూత. పూత చూచి పంట కట్టరాదని మా ఊరిలో పసిపిల్లవాడును ఎరుగును. కార్బైడు పొడి నడుమ మాగిన కాయ ఒక్కరాత్రిలో పసుపు తిరిగి, చూపునకు పండై, కొరికిన పుల్లనై యుండునట్లు, ఆ కప్పుల మెరుపును చూచినప్పుడెల్ల నాకు పండ్లు పులియుచుండును. ఆ పొడి వాడరాదని చట్టమున్నది. పోటీచీటీలను మాగవేయుటకు ఇంకను చట్టము రాలేదు.

ఇంతవరకు చదివి మీరాయనను దుష్టుడని తలచినచో పొరపాటు. మే నెలలో తోటకు పోయి చూడుడు. కాయ కోసి, గంపల కెత్తి, కాటా వేయు వేళకు కొనుబడిదారుడు కాగితముపై బరువు వ్రాసికొని, క్రింద 'తరుగు' అని ఇంత కొట్టివేయును. తొడిమలకని, తడికని, దారిలో చెడునవి యుండునని, పైన ఎంచిపెట్టు కాయలని. అపుడు కొసరుగారి ఉగ్రరూపము చూడవలెను. "తరుగేమిటయ్యా తరుగు? కాటా మీద ఎంత పడిందో అంత రాయి! ఉన్నది ఉన్నట్టు రాయటానికి నీకు చెయ్యి రాదా? న్యాయం లేదూ? దేవుడు లేడూ?" ఆ కంఠమున కల్మషము లేదు, ఆ ఆవేదన నటన కాదు, న్యాయము కొరకు ఆక్రోశించు రైతు హృదయమే అది. విని నాకే కనులు తడిసినవి. ఏమి చేయుదును? జేబులో చెయ్యి పెట్టగా వెనుకటి చింతగింజ యొకటి వేలికి తగిలినది.

ఆనాడే నాకు వంద చిన్నరసాలు గంపలో వేయించి పంపుమని కొసరుగారు తోట కాపలా తాతకు చెప్పి, కొనుబడిదారునితో వ్యాజ్యమునకు పోయిరి. తాతకు చదువు రాదు. గోల్ఫు అనునది తినునదియో త్రాగునదియో తెలియదు. రెండు చేతులతో విసురుకు అయిదేసి కాయలెత్తి, చెట్టుపైని చిలుకలు కూడ వినునట్లు ఎంచసాగెను: "లాభం... రెండు... మూడు..." ఆరు దాటినంతనే 'ఆరున్నొకటి' అని, 'ఆరు' ఎంత గట్టిగా పలికెనో 'ఒకటి'ని అంతకంటె గట్టిగా పలికి, ఆ అయిదు కాయలను నాకు చూపి మరీ గంపలో వేసెను. ఇరువది విసురులైన పిమ్మట నడుము నిమురుకొని, మరల వంగి, ఏరియేరి కొన్ని మంచి కాయలను పైన సర్దెను.

"వంద అయినాయి గదా, తాతా?" అంటిని.

"అయినయి బాబూ. ఇది పుంజీ కొసరు. పిల్లలకి."

కొసరు పెట్టువాని సొత్తు. పుచ్చుకొనువాడు తనంతట తాను తీసికొన్నచో దానికి తెలుగులో వేరొక మాట కలదు. స్నేహధర్మమున నేనది వ్రాయను. ఇంటికి వచ్చి, అలవాటు కొలది, గంప దింపి ఎంచితిని. నూటనాలుగు కాయలున్నవి.