రెండు పేర్ల వంతెన

తిరుపతి ఫ్లైఓవర్‌కు పుట్టకముందే ఒకసారి బారసాల అయింది, పెరుగుతుండగా ఇంకోసారి అయింది, రాకపోకలు మొదలయ్యాక మళ్లీ మొదటి పేరే ఖాయమైంది. 2019లో పని మొదలైనప్పుడు అది గరుడ వారధి. ప్రభుత్వం మారింది, స్తంభాలు లేస్తుండగానే శ్రీనివాస సేతు అయింది, 2023 సెప్టెంబరులో ఆ పేరుతోనే పూర్తిగా ప్రారంభమైంది. ప్రభుత్వం ఇంకోసారి మారింది. 2024 నవంబరులో దేవస్థానం పాలకమండలి గరుడ వారధి అని తీర్మానించింది. ఇన్ని తీర్మానాల మధ్య వంతెన మాత్రం అంగుళమైనా కదల్లేదు. స్వామి ఒక పార్టీలోనూ ఆయన వాహనం ఇంకో పార్టీలోనూ ఉన్నారన్న కబురు వాళ్లిద్దరికీ ఇంకా అందినట్టు లేదు. బ్రహ్మోత్సవాల్లో అయిదో రోజు రాత్రి ఆయన ఎప్పటిలాగే ఆ గరుత్మంతుడి మీదే ఊరేగుతున్నాడు.

మొదట పెట్టిన పేరును తిరిగి పెట్టడం న్యాయమే కదా అంటారు కొందరు. సరే, న్యాయమే అనుకుందాం. ఆ న్యాయం రేపు ఇంకో ప్రభుత్వం వస్తే నిలుస్తుందా? పేరు మార్చడానికి పెద్ద ఖర్చేం కాదు, దానికింత రాద్ధాంతమా అని ఇంకొందరు. నిజమే, చవక పని గనకే అన్నిటికంటే ముందు అదే జరుగుతోంది. వంతెన మాత్రం చవక కాదు. ఆరున్నర వందల కోట్లు దాటిన ఖర్చులో దాదాపు మూడింట రెండు వంతులు దేవస్థానం వాటా, మిగతాది స్మార్ట్ సిటీది. దేవస్థానం వాటా అంటే ముడుపు కట్టి కొండకు తెచ్చిన జనం సొమ్మే. పేరు పెట్టే హక్కు డబ్బిచ్చినవాళ్లది అనుకుంటే వాళ్లను అడిగిన నాథుడు లేడు. కష్టపడినవాళ్లది అనుకుంటే, 2023 జులైలో సెగ్మెంటు ఎత్తుతుండగా అది పడి ఇద్దరు కార్మికులు ఇక్కడే ప్రాణాలు వదిలారు. వాళ్ల పేర్లు ఊళ్లో ఎంతమందికి తెలుసు?

ఫ్లైఓవర్ పనికిరానిదని వాదించడం మూర్ఖత్వం. తిరుచానూరు వైపు నుంచి కపిలతీర్థం దాకా సుమారు ఏడు కిలోమీటర్లు, లీలామహల్ సెంటరులో ఇరుక్కోకుండా బస్సూ కారూ సాగిపోతున్నాయి. కొండకు పోయేవాళ్లకు మేలు జరిగింది. ఊళ్లో నడిచేవాడు మాత్రం ఆ స్తంభాల సందున ఎప్పటిలా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని రోడ్డు దాటాలి. సియోల్ వాళ్లు 2003లో నగరం నడిబొడ్డున ఉన్న ఫ్లైఓవర్‌నే కూల్చడం మొదలుపెట్టి, దాని కింద కప్పెట్టిన వాగును రెండేళ్లలో బయటికి తీసుకొచ్చారు. మనవాళ్లు కూల్చేది పేరును మాత్రమే కాబట్టి భయపడాల్సిన పని లేదు.

అసలు సంగతి పైన లేదు, కింద ఉంది. రైలు పట్టాలు ఊరిని రెండుగా చీలుస్తాయి, అటు నుంచి ఇటు రావడానికి అండర్‌బ్రిడ్జిలే దిక్కు. 2021 అక్టోబరులో ఒక్క రాత్రి వానకు వెస్ట్ చర్చి అండర్‌బ్రిడ్జి నిండిపోయింది. కర్ణాటక నుంచి దర్శనానికి వచ్చిన కుటుంబం వాహనం ఆ నీళ్లలో చిక్కుకుంది, కొత్తగా పెళ్లయిన అమ్మాయి చనిపోయింది. అదీ వంతెనే, దాని మీద రైలు పోతుంది. అయినా దాన్ని మాదంటే మాదని పోటీపడిన పార్టీ ఒక్కటీ కనపడదు. ఆకాశాన ఉన్నదానికి తండ్రులు ఇద్దరు, పల్లాన ఉన్నదానికి రైల్వేదా కార్పొరేషనుదా అన్న సందేహం ఒక్కటే. ఆ రాత్రి జరిగింది ప్రకృతి వైపరీత్యం, ఎవరేం చేస్తారని అడగొచ్చు. శేషాచలం మీద పడిన వాన కింద ఉన్న ఊరి మీదికే వస్తుంది, ఊళ్లో ఉన్న పల్లానికే చేరుతుంది. ఇది కొత్తగా కనిపెట్టాల్సిన శాస్త్రం కాదు. టన్నుల బరువున్న సెగ్మెంట్లను గాల్లో అతికించిన ఇంజినీరింగుకు గుంటలో చేరిన నీళ్లను తోడడం చేతకాదంటే నమ్మలేం. కాకపోతే మురుగుకాలువ తవ్వినందుకు ఎవరూ శిలాఫలకం చెక్కించరు.

అందుకని పేరు ఏదైనా పెట్టుకోండి, ఎన్నిసార్లయినా మార్చుకోండి. ఆ బోర్డు మీదే ఇంకో మూడు వరుసలకు చోటివ్వండి: నిర్వహణ ఏ శాఖది, ఆఖరుసారి తనిఖీ ఎప్పుడు జరిగింది, ఆపద వస్తే ఫోన్ చేయాల్సింది ఎవరికి. ఆ బోర్డు మొదట వెస్ట్ చర్చి అండర్‌బ్రిడ్జి దగ్గర నిలబెట్టండి, అదీ వానలు రాకముందే.