గడువుల సిద్ధాంతి

విజయవాడ సూర్యారావుపేటలోనైనా గుంటూరు కొత్తపేటలోనైనా ఒక మోస్తరు ఆసుపత్రిలోకి కంప్యూటరు ప్రవేశించిన తరువాత, డాక్టరుకు, నర్సమ్మకు, క్యాష్ కౌంటరుకు తోడుగా మరొక ముఖ్యమైన వ్యక్తి తయారయ్యాడు. రోగుల వివరాలు దాచే సాఫ్ట్‌వేరులో ‘సెట్టింగులు’ అనే పేజీ ఒకటి ఉన్నదని, దాని పాస్‌వర్డు తనకొక్కడికే తెలుసునని ఎరిగి, ఆ ఎరుక వల్ల కలిగే గాంభీర్యంతో తిరిగే ఈ వ్యక్తి ఉద్యోగరీత్యా రిసెప్షనిస్టు కావచ్చు, ల్యాబ్ టెక్నీషియను కావచ్చు, డాక్టరు గారి బావమరిది కావడం మరీ తరచు. ఎవరి పరీక్షకు, ఎవరి టీకాకు ఎప్పుడు వేళయిందో నిర్ణయించేవాడు కనుక ఇతడిని గడువుల సిద్ధాంతి అనడం సముచితం. పంచాంగం చూసే సిద్ధాంతి వర్జ్యాన్నైనా చూస్తాడు, ఇతడికి ఆ పట్టింపు కూడా లేదు.

ఇతడి శాస్త్రానికి మూలవస్తువు అలర్టు. ఫలానా రోగికి ఫలానా పరీక్ష చేయవలసిన సమయం వచ్చిందని డాక్టరు తెర మీదనో రోగి ఫోనులోనో కనిపించే హెచ్చరికకు ఆ పేరు. ప్రతి అలర్టుకూ లెక్క ఏ రోజు నుంచి మొదలవుతుందో, గడువు ఎన్ని రోజులో, గడువుకు ఎంత ముందుగా గుర్తుచేయాలో, ఎప్పటితో మానుకోవాలో చెప్పాలి. ఇందులో మొదటి రెండూ వైద్యానికి, మూడవది మనిషి స్వభావానికి, చివరిది ఇంగితజ్ఞానానికి సంబంధించినవి కాగా, సిద్ధాంతి నాలుగింటినీ మౌసుకు సంబంధించినవిగా పరిగణిస్తాడు.

ముందుగా గుర్తుచేసే విషయంలో ఇతడిది ఒకే సూత్రం: అన్నింటికీ 30 రోజులు. ఏడాదికొకసారి చేయించుకునే కంటి పరీక్షకు నెల ముందు కబురు పంపడం సబబే గాని, మూడు నెలల సగటు చక్కెరను తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్షకు కూడా అదే అంకె వేయడం వల్ల, మూడు నెలలకొకసారి ఆ పరీక్ష చేయించుకునే రోగి పేరు పక్కన ఏడాదిలో మూడోవంతు కాలం ఎర్ర అక్షరాలు వెలుగుతూనే ఉంటాయి. అసలు అందం పసిపిల్లల టీకాల దగ్గర బయటపడుతుంది. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్ బి, హిబ్ అనే అయిదింటి నుంచి కాపాడే పెంటావలెంట్ టీకాను జాతీయ టీకాల పట్టిక ప్రకారం 6, 10, 14 వారాల వయసులో వేయాలి. అంటే మోతాదుకూ మోతాదుకూ నడుమ ఎడం 28 రోజులు. 28 రోజుల ఎడానికి 30 రోజుల ముందస్తు హెచ్చరిక పెట్టిన ఘనత వల్ల, నర్సమ్మ మొదటి సూది వేసినట్టు నమోదు చేసి ఎంటరు నొక్కగానే, బిడ్డ తొడ మీద దూది అదిమి పట్టి, గుక్కపట్టిన ఏడుపును ఊరుకోబెడుతున్న తల్లి చేతిసంచిలో ఫోను టింగుమంటుంది: మీ బిడ్డకు తరువాతి టీకా సమయం సమీపించినది. “ఇదేంటమ్మా, ఇప్పుడేగా వేశారు!” అని ఆమె బిత్తరపోతే, “అది కంప్యూటరుదిలెండి, పట్టించుకోకండి” అని నర్సమ్మ సముదాయిస్తుంది. ఆ సలహాను తల్లి పదో వారంలో కూడా బుద్ధిగా పాటిస్తుంది.

మానుకోవలసిన తేదీ గడిని సిద్ధాంతి సాధారణంగా ఖాళీగా వదులుతాడు. హెపటైటిస్ బి తొలి మోతాదు పుట్టిన 24 గంటలలో పడవలసినది. అది మరొక ఆసుపత్రిలో పడి ఇక్కడ నమోదు కాకపోతే, జలుబుతో వచ్చిన అయిదేళ్ల పిల్లవాడి పేరు పక్కన ‘1,826 రోజులు ఆలస్యం’ అని కనిపిస్తుంది. చివరి నెలసరి మొదటి రోజుకు 280 రోజులు కలిపి కాన్పు తేదీ అంచనా వేయడం సాఫ్ట్‌వేరుకు వచ్చును గాని, కాన్పు అయిన సంగతి ఎవరూ చెప్పకపోతే దానికి తెలియదు గనుక, అన్నప్రాశన జరుగుతున్న ఇంటికి తొమ్మిదో నెల పరీక్షకు రమ్మని సందేశం వెళ్తుంది. కాలం చేసిన పెద్దాయన పేరున షుగరు పరీక్ష బాకీ ఉన్నదని మాసికం నాడు వచ్చే సందేశం గురించి నవ్వకపోవడమే మర్యాద.

“అరవై పైన ఉంటాయి నాయనా” అనే అవ్వకు పుట్టిన రోజు, నెల కావాలని తెర పట్టుబడితే సిద్ధాంతి జనవరి 1 వేస్తాడు. సంవత్సరం మాత్రమే తెలిసినవారి ఆధార్ కార్డుల మీద కూడా తరచు కనిపించేది ఈ తేదీయే కనుక ఇది ఇతడొక్కడి నేరం కాదు. అయితే వయసును బట్టి మొదలయ్యే అలర్టులన్నీ కొత్త సంవత్సరం నాడే, ఓపీకి సెలవైన రోజునే, గుంపుగా విరుచుకుపడతాయి. ఇక కొత్త కంప్యూటరులో తేదీ వరుసను, నెల ముందు వచ్చే అమెరికా పద్ధతిలోనే వదిలేస్తే, 05/06 అన్నది జూన్ 5 అవుతుందో మే 6 అవుతుందో ఎవరూ చెప్పలేరు. ఇలా రెండు విధాలుగా చదవగలిగిన తేదీలు ఏడాదికి 132. “మిగతావన్నీ కరెక్టే కదా సార్!” అనగల స్థైర్యం సిద్ధాంతిది.

ఇతడిని సోమరి అనడం అన్యాయం. వంద అలర్టులు ఎక్కువైతే ఎవరూ మెమో ఇవ్వరు, ఒక్కటి తక్కువైతే మాత్రం వేళ్లన్నీ ఇతడినే చూపుతాయి గనుక, “సేఫ్టీకి పెట్టాను సార్” అన్నది ఇతడి శాశ్వత సమాధానం. బయట బెంచీల నిండా జనం ఉన్న వేళ, వచ్చిన ప్రతి హెచ్చరికనూ చదవకుండా మూసేయడం డాక్టరుకు అలవాటవుతుంది. వైద్యవృత్తిలో అలర్టుల అలసట అని పేరుపడిన ఈ స్థితిలో, నిజంగా చదవవలసిన ఒక్కటీ మిగతావాటితో కలిసి మూతపడుతుంది. అసలు తప్పు అక్కడే ఉంది: గడువు 28 రోజులని, గుర్తుచేయడానికి నాలుగైదు రోజులు చాలునని చెప్పవలసిన డాక్టరు, “అదేదో నువ్వే చూసుకో” అని వైద్యాన్ని పాస్‌వర్డు తెలిసినవాడికి అప్పగించాడు. ఆ డాక్టరు ఒక పూట సిద్ధాంతి పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేంత వరకు, టీకా కార్డు మీద నర్సమ్మ చేత్తో రాసిన తేదీనే నమ్ముకొని, ఆ కార్డును భద్రపరచుకోవలసిందిగా తల్లిదండ్రులకు మనవి.