గెనిమకు ఈ పక్క

ఆ రైతు మా సీనియర్ ప్లీడరు ఆఫీసు మెట్లెక్కేసరికి పదకొండు దాటింది. పంచాంగం ప్రకారం అది వానాకాలమే గానీ, అనంతపురంలో మా నెత్తి మీది రేకులకు ఆ సంగతి తెలీదు. ఆయన భుజం మీది తువ్వాలు దించి మూట విప్పాడు. ప్లాస్టిక్ కవర్లో అర్జీల నకళ్ళు, దాని మీద వేళ్ళతో సహా పీకిన నాలుగు శెనిక్కాయ చెట్లు. ఒక చెట్టును బల్ల మీద తిరగేసి చూపించాడు. ఊడలు దిగాయి, దిగినవి దిగినట్టే సూదుల్లా ఎండిపోయాయి. కాయ ఊరాల్సిన మొన మీద చిటికెడు మన్ను కూడా లేదు.

"మా చేనికీ పక్క చేనికీ నడుమ ఒక్క గెనిమ సార్. గెనిమకు ఆ పక్క వేరే మండలం. వాళ్ళది కరువు మండలమంట, మాది కాదంట. ఇద్దరం ఒక్క పదునుకే ఇత్తినాం. ఆయనకు ఇన్‌పుట్ సబ్సిడీ వస్తాది, నాకు రాదు. మోడం గెనిమ చూసుకోని పోయిందా సార్?"

కరువును ప్రకటించేది మండలం లెక్కన. వానను కొలిచేది ఎక్కడో ఒకచోట నిలబెట్టిన మాపకం. దాని నెత్తిన ఒక సాయంత్రం మంచి జల్లు పడితే చాలు, పది మైళ్ళ అవతల ఎండిన చేను కూడా కాగితం మీద తడిసిపోతుంది. ఈ సంగతి మా జిల్లాలో బడిపిల్లలకూ తెలుసు.

"మూడు సోమవారాలు పోయినా అర్జీ పట్టుకోని. రసీదు ఇచ్చినారు, జవాబు ఇయ్యలే. ఇన్నోడు ఒగడు, కొట్టేసినోడు ఇంగొగడు."

ఆ మాటకు మా సీనియర్ కళ్ళజోడు తీశారు. ఆయన కళ్ళజోడు తీశారంటే పాత కేసు ఒకటి వస్తోందని, నా భోజనం ఆలస్యమని అర్థం.

"ఏమప్పా, ఇప్పుడు నువ్వన్నావే, అదే మాట మీద సుప్రీంకోర్టు తీర్పుంది. గుళ్ళపల్లి నాగేశ్వరరావు కేసు. కృష్ణా జిల్లా బస్సు రూట్లను ప్రభుత్వం తీసుకోవాలనుకుంది. యజమానుల అభ్యంతరాలు విన్నది సెక్రటరీ, నిర్ణయం రాసింది ముఖ్యమంత్రి. ఒకరు విని ఇంకొకరు తేలిస్తే ఆ వినడం ఉత్త తంతేనని కోర్టు కొట్టేసింది. తర్వాత ముఖ్యమంత్రే కూర్చుని విన్నాడు. సరే పొమ్మంది. రెండూ 1959 లా రిపోర్టుల్లోనే ఉన్నాయి. ఆ ముఖ్యమంత్రి ఎవరో తెలుసునా?"

రైతు తల అడ్డంగా ఊపాడు.

"ఇల్లూరాయన. నీలం సంజీవరెడ్డి."

"మన గార్లదిన్నె కాడ ఇల్లూరా?" రైతు కుర్చీలో ముందుకు జరిగాడు.

"ఆ ఇల్లూరే. అసలు కథ అది కాదు, వినూ."

1962 మార్చిలో సంజీవరెడ్డి రెండోసారి ముఖ్యమంత్రి అయ్యాడు. కొద్దికాలానికే కర్నూలు జిల్లా పడమటి భాగం బస్సు రూట్ల మీద ఆర్టీసీ చూపు పడింది. అంతకుముందు రూట్లు తీసుకోవాలనుకున్న వరస వేరు. ఎన్నికల్లో తనకు ఎదురు తిరిగినవాళ్ళ పొట్ట కొట్టడానికే ముఖ్యమంత్రి ఈ పని చేయిస్తున్నాడని యజమానులు అఫిడవిట్లో రాసి రిట్ వేశారు. హైకోర్టులో ఓడిపోయారు. సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ప్రభుత్వం తరఫున కౌంటర్లు పడ్డాయి. ముఖ్యమంత్రి మాత్రం తన సంతకంతో ఒక్క కాగితం ఇవ్వలేదు. నీ మనసులో ఏముందో నువ్వే చెప్పాలి గదా, గుమాస్తా ఎలా చెబుతాడు? 1964 జనవరిలో ఆ తీర్పు వచ్చింది, రౌజీ కేసని పేరు. వరస మారిన తీరునూ ఆ మౌనాన్నీ కలిపి చూసి, ఆరోపణకు ఖండన లేదు గనక నమ్మక తప్పదని స్కీములు రద్దు చేశారు. మరుసటి నెల సంజీవరెడ్డి రాజీనామా చేశాడు.

ఇదంతా మా సీనియర్ చెప్పిన వరసలో రాశాను. ఆయన మధ్యలో రెండు టీలు తెప్పించారు, అవి రాయలేదు.

రైతు ముఖం విప్పారింది. "అంటే జవాబు చెప్పకుంటే ముఖ్యమంత్రి కుర్చీ గూడా పోతాది!"

"పోయింది గదా."

"మల్ల ఆయన ఏమైనాడు సార్?"

నేనైతే అక్కడితో ఆపేవాణ్ణి. మా సీనియర్‌కు సగం కథ చెప్పే అలవాటు లేదు. అదే ఏడు శాస్త్రి గారి మంత్రివర్గంలో ఉక్కు, గనుల శాఖ. 1967లో లోక్‌సభ స్పీకరు. 1969లో రాష్ట్రపతి ఎన్నికలో గిరి చేతిలో ఓటమి. 1977లో నంద్యాల నుంచి గెలుపు. రాష్ట్రం మొత్తం మీద జనతా పార్టీకి దక్కిన ఒకే ఒక్క సీటు, అదీ అప్పటి కర్నూలు జిల్లాలోదే. ఆ జులైలోనే పోటీ లేకుండా రాష్ట్రపతి.

"సుప్రీంకోర్టు జడ్జీల నియామకాల మీద సంతకం ఇంక ఆయనదే. 1979 ఆగస్టులో ప్రభుత్వం ఏర్పాటుకు జగ్జీవన్ రామ్‌ను పిలవకుండా లోక్‌సభను రద్దు చేశాడు. దేశమంతా ఎందుకని అడిగింది. కోర్టు మటుకు ఆయన్ను అఫిడవిట్ వెయ్యమనలేదు. అనడానికి వీల్లేదు కూడా. 361వ అధికరణం. రాష్ట్రపతి తన పదవి పనులకు ఏ కోర్టుకూ జవాబు చెప్పనక్కరలేదు. నిర్ణయాన్ని ప్రశ్నించొచ్చు, మనిషిని పిలవలేం."

రైతు కాసేపు ఎండిన ఊడల వంక చూశాడు. "మున్నూటరవై ఒకటి," అన్నాడు మెల్లగా, చీటీల పాట నంబరు గుర్తు పెట్టుకున్నట్టు.

"అది వదిలెయ్. నీకు పనికొచ్చేది 14వ అధికరణం. గెనిమకు ఆ పక్కా ఈ పక్కా ఒకే నేల, ఒకే ఎండ. తేడా ఎందుకు చూపించారో కారణం రాసి చెప్పమందాం. ఒకటి మాత్రం ముందే చెబుతున్నా, నీ మండలం కరువు మండలమని కోర్టే రాసివ్వదు. మళ్ళీ చూసి, కారణాలతో ఆర్డరు ఇవ్వమంటుంది."

"అంతేనా?"

"జవాబు రావడమే పెద్ద గెలుపప్పా. ఏం రా అబ్బీ, సర్వే నంబరు రాసుకో."

పాసుపుస్తకం కోసం రైతు కవరు మొత్తం బల్ల మీద కుమ్మరించాడు. పుస్తకంతో పాటు మడతలు పడిన ఇంకో కాగితాల కట్ట జారింది. పైన సివిల్ కోర్టు సమన్లు. అడక్కుండానే విప్పాను, ప్లీడరు గుమాస్తా చేతులు అంతే. భాగపరిష్కారం దావా. వాది ఆయన సొంత చెల్లెలు. 1985లో మన రాష్ట్రం, 2005లో దేశం మొత్తం ఆడబిడ్డకు ఒప్పుకున్న భాగాన్నే అడుగుతోంది. షెడ్యూల్లో ఉన్నది నేనిప్పుడే రాసుకున్న సర్వే నంబరు. నాలుగో పేరాలో, తాను రెండుసార్లు నోటీసు ఇచ్చినా అన్న రసీదు మీద సంతకం పెట్టాడే తప్ప జవాబు ఇవ్వలేదని రాసి ఉంది.

కాగితం మా సీనియర్ చేతికిచ్చాను. ఆయన చదివి, కళ్ళజోడు తీయలేదు.

రైతు శెనిక్కాయ చెట్లు తువ్వాల్లో చుట్టుకుంటూ కుర్చీ కొంచెం దగ్గరికి లాక్కున్నాడు. గొంతు తగ్గించాడు.

"సార్, ఆ మున్నూటరవై ఒకటి... ఇంటికి పెద్దోనికి గూడా వర్తిస్తాదా?"