ఆవిరి సాగుకు అనుమతి లేదు

బీడీ, సిగరెట్ మానేసి ఈ-సిగరెట్‌కు మారదామనుకుంటున్న అనంతపురం జిల్లా కొత్తవారికి నమస్కారం. మీరు మొట్టమొదట తెలుసుకోవాల్సింది, మీరు అడిగే వస్తువు చట్టప్రకారం ఈ దేశంలో లేదు. 2019 సెప్టెంబరు 18న కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ విలేకరుల ముందు కూర్చుని నిషేధం ప్రకటించిన నాటి నుంచీ లేదు. తయారు చేయకూడదు, దిగుమతి చేయకూడదు, ఎగుమతి చేయకూడదు, అమ్మకూడదు, పంచకూడదు, దాచకూడదు, బండిలో వేసుకుని తిప్పకూడదు. దాని గురించి ప్రకటన కూడా వేయకూడదు. కాబట్టి ఇది ప్రకటన కాదు. చదువుతూ ఉండగా మీకెక్కడైనా ఆశ పుడితే ఆ బాధ్యత మీ ఊపిరితిత్తులదే.

రెండో సంగతి, లేని ఆ వస్తువు ఎక్కడ దొరుకుతుందో మీకు ముందే తెలుసు. బెంగళూరులో ఉద్యోగం చేసే మీవాడి బ్యాగులో. కర్ణాటక దీన్ని దేశం కన్నా మూడేళ్లు ముందే, 2016లోనే నిషేధించింది. అంటే నిషేధంలో మనకన్నా అనుభవం ఉన్న రాష్ట్రం నుంచి సరుకు దిగుతోందన్నమాట.

మా వీధిలో ఒక రిటైర్డ్ బస్సు కండక్టరు ఉన్నాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ బస్సులో పొగ తాగేవాళ్లను దింపేస్తానని బెదిరించి, బస్సు ఆగగానే దిగి తానే బీడీ ముట్టించిన మనిషి. దసరాకొచ్చిన కొడుకు ఆయప్ప చేతిలో పెన్నులాంటిది పెట్టి, "నాయనా, బీడీ ఇడిసిపెట్టు. ఇంక దీన్ని పీల్చు" అన్నాడు.

"దీంట్లో ఏముండాదిరా?"

"ద్రాక్షపండు వాసన, నాయనా."

"ద్రాక్షపండు తినేదానికి మన తోటలో ఉండాది గదరా. పీల్చేదెందుకు?"

ప్రశ్న సరైనదే. 2003లో హోన్ లిక్ అనే చైనా ఫార్మసిస్టు ఈ యంత్రానికి రూపం ఇచ్చాడు. ఆయనా సిగరెట్ మానలేక బాధపడినవాడే. లోపల బ్యాటరీ, సన్నటి తీగచుట్ట, దాని చుట్టూ దూది. ఆ దూది పీల్చుకునే ద్రవంలో ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, నికోటిన్, కాస్త వాసన. తీగ వేడెక్కితే ద్రవం ఆవిరవుతుంది. ఆకు కాలదు కాబట్టి తారు ఉండదు. నికోటిన్ మాత్రం ఎక్కడికీ పోదు. చాలామంది దాన్ని నీళ్ల ఆవిరి అనుకుంటారు. కాదు. కరువు జిల్లా కోసమే చేశారా అన్నట్టు, నీళ్లతో పనిలేని ఆవిరి అది.

నీళ్లు మాత్రం తాగేవాడికి కావాలి. ప్రొపిలీన్ గ్లైకాల్ నోట్లో తడిని లాగేస్తుంది, గొంతు ఎండుతుంది. అందుకే కొత్తవాళ్లకు అందరూ ఇచ్చే సలహా, నీళ్లు ఎక్కువ తాగమని. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన సగటుగా పడుతుందని లెక్కల్లో ఉండే, ఆ సగటును మేఘాలు పెద్దగా పట్టించుకోని జిల్లాలో ఈ సలహా పాటించాలంటే ముందు ట్యాంకరు పిలవాలి. అటు పడమటి కనుమలు దాటని వాన, ఇటు బంగాళాఖాతం నుంచి ఇంత దూరం రాలేని వాన, రెండూ మనల్ని వదిలేశాయి. ఇరవయ్యేళ్ల కిందట ప్రభుత్వం విమానాలు ఎగరేసి మేఘమథనం కూడా చేయించింది. ఆ ఖర్చుకు వచ్చిన మబ్బుల కన్నా, అరుగు మీద కూర్చుని మా కండక్టరన్న ఊరికే వదిలిన మబ్బు పెద్దదని నా అభిప్రాయం. ఎదురింటి అవ్వ దాన్ని చూసి, మిద్దె మీద ఆరబెట్టిన వడియాలు ఎత్తుకురమ్మని కోడల్ని కేకేసింది.

ఇక పీల్చే పద్ధతి. కొత్తవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. బీడీ ఊరికే ఉంటే ఆరిపోతుంది, గట్టిగా గుంజుతూనే ఉండాలి. నలభై ఏళ్లు గుంజిన బుగ్గలు ఒక్కరోజులో మెత్తబడవు. యంత్రాన్ని బీడీలా గుంజితే దూది తడిసేలోపే తీగ వేడికి మాడి, నోట్లోకి కాలిన గుడ్డ కంపు వస్తుంది. కండక్టరన్నకు అది వచ్చింది. "ఇప్పుడు కొంచెం బీడీ మాదిరి ఉండాది" అని సంతోషపడ్డాడు.

ఇంకో ఇబ్బంది మర్యాదకు సంబంధించింది. బంకు దగ్గర ముక్కూమొహం తెలియని మనిషినైనా "అగ్గిపెట్టె ఉండాదా అప్పా" అని అడగొచ్చు. ఆ ఒక్క పుల్లతో గుంతకల్లు నుంచి హిందూపురం దాకా ఎన్ని స్నేహాలు కుదిరాయో, ఎన్ని పెళ్లి సంబంధాలు కుదిరాయో. ఛార్జరు అడిగి ఎవరూ వియ్యంకులు కాలేదు.

దసరా సెలవులు అయిపోయాయి. కొడుకు బెంగళూరు వెళ్లాడు. తర్వాత జరిగింది ఈ జిల్లా వ్యవసాయం తెలిసిన ఎవరైనా ఊహించగలరు. ఒకప్పుడు 8 లక్షల హెక్టార్ల దాకా శెనక్కాయ వేసిన నేల ఇది. శెనక్కాయ మానండి, ప్రత్యామ్నాయ పంటలకు మారండి అని వ్యవసాయ శాఖ ఎన్ని సదస్సులు పెట్టిందో లెక్కలేదు. రైతు సదస్సుకు వస్తాడు, ఉప్మా తింటాడు, కొర్ర విత్తనాల సంచి తీసుకుంటాడు, తొలకరి పడగానే శెనక్కాయ వేస్తాడు. మరీ మొహమాటమైతే మధ్యలో నాలుగు కంది సాళ్లు పెడతాడు. కండక్టరన్న కూడా ఆవిరిని అంతర పంటగా వేశాడు. ప్రధాన పంట గణేశ్ బీడీయే. ఇంట్లో, మనవరాలి ముందు, గుడికి పోయే దారిలో ఆవిరి. మిగతా అన్నిచోట్లా పొగ. డాక్టర్లు భయపడేది కూడా ఈ రెండు పంటల పద్ధతికే. పొగ తగ్గకుండా నికోటిన్ మాత్రం పెరగొచ్చు.

చట్టం దగ్గరికి వద్దాం. అమ్మితే మొదటిసారి ఏడాది దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే మూడేళ్లు, ఐదు లక్షలు. నిల్వ పెడితే ఆరు నెలలు, యాభై వేలు. పీల్చడం అనే మాట మాత్రం ఆ నిషేధాల జాబితాలో కనిపించదు. దీన్ని పట్టుకుని కొందరు సంబరపడ్డారు గానీ, ఏ రూపంలో, ఎంత మోతాదులో దగ్గర పెట్టుకున్నా చట్టవిరుద్ధమేనని ఆరోగ్య శాఖ తర్వాత తేల్చింది. ఆ లెక్కన కండక్టరన్న చొక్కా జేబు గోదాము. నిషేధం వచ్చేనాటికి ఉన్న సరుకును దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో అప్పగించాలని కూడా అప్పట్లో ప్రభుత్వం చెప్పింది. ఇది విని ఆయప్ప, "స్టేషన్‌కు పోయి ద్రాక్షపండు వాసనది ఇచ్చేదా? బయట నా పరువేం గావాల?" అన్నాడు.

నిషేధించిన రోజు షేర్ మార్కెట్‌లో సిగరెట్ కంపెనీల షేర్లు పెరిగాయి. సిగరెట్లు చేసే ఐటీసీలో ఎల్ఐసీకి దాదాపు 15 శాతం వాటా ఉంది. అదే ఎల్ఐసీ టర్మ్ పాలసీలో పొగతాగేవాడి దగ్గర ఎక్కువ ప్రీమియం తీసుకుంటుంది. మీరు తాగితే డివిడెండు, తాగుతానని ఒప్పుకుంటే ప్రీమియం. వాణిజ్య శాఖ కింద గుంటూరులో పొగాకు బోర్డు రైతుకు అండగా ఉంటుంది, ఆరోగ్య శాఖ పెట్టె మీద 85 శాతం చోటు కుళ్లిన గొంతు బొమ్మకూ, హెచ్చరిక రాతకూ కేటాయిస్తుంది. ఆ బొమ్మ చూసి జడుసుకునేది ఎవరయ్యా అంటే, బంకతను. కొనేవాళ్లలో ఎక్కువమంది విడి సిగరెట్టే అడుగుతారు. పెట్టె ఎప్పుడూ ఆయన గల్లాపెట్టె పక్కనే ఉంటుంది.

అలాగని ఈ-సిగరెట్ అమృతం అని నేననడం లేదు. మానాలనుకునేవాళ్లకు నికోటిన్ గమ్ము, ప్యాచ్‌ల కన్నా అదే ఎక్కువ పనిచేస్తోందని, వైద్య పరిశోధనలను కలిపి చూసే కోక్రేన్ సమీక్ష చెబుతోంది. దీర్ఘకాలంలో ఏమవుతుందో చెప్పలేమని కూడా చెబుతోంది. ఇంగ్లండు ప్రభుత్వం 2023లో పది లక్షల మంది పొగరాయుళ్లకు ఈ యంత్రాలు తానే ఇప్పిస్తానంది. స్కూలు పిల్లలు ఎగబడుతున్నారని బ్రిటన్ 2025 జూన్ 1 నుంచి ఒకసారి వాడి పారేసే రకాన్ని నిషేధించింది. పిల్లలకు అంటుకుంటుందనే భయం మన ప్రభుత్వానిదీ, అది న్యాయమైన భయమే. కాకపోతే ఆ పిల్లవాడే కాలేజీ గేటు దాటి వెళ్లి విడి సిగరెట్ అడిగితే, ఆ భయం ఎటు పోతుందో తెలియదు.

మారడం గురించి ప్రభుత్వానికి విధానం లేదని మాత్రం అనొద్దు, ఉంది. 2025 సెప్టెంబరు 3న జీఎస్టీ మండలి సిగరెట్‌కు 40 శాతం ఖాయం చేసి, బీడీని 28 నుంచి 18కి, బీడీ ఆకును 18 నుంచి 5కి దించాలని నిర్ణయించింది. బీడీలు చుట్టే ఆడవాళ్ల కడుపు కొట్టకూడదని ఇచ్చిన కారణంలో నిజముంది. కానీ కొత్తగా మారాలనుకునేవాడికి అందులో దారి స్పష్టంగా చూపించారు. సిగరెట్ నుంచి బీడీకి మారండి. మా కండక్టరన్న ఈ విధానాన్ని నలభై ఏళ్ల ముందే అమలు చేశాడు.

చట్టబద్ధమైన మార్గాలూ ఉన్నాయి. రెండు మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ము డాక్టరు చీటీ లేకుండానే మెడికల్ షాపులో దొరుకుతుంది. పాన్ రుచిలో కూడా వస్తుంది, కాబట్టి తాంబూలంలో పెట్టినా ఎవరూ అనుమానించరు. 1800-11-2356కు ఉచితంగా ఫోన్ చేస్తే మానడానికి సలహా చెబుతారు. ఆ నంబరు పెట్టె మీదే వేస్తారు. పెట్టె ఎవరి దగ్గర ఉంటుందో ఇంతకుముందే చెప్పాను.

ఇక చట్టం చేసిన చోటి సంగతి. 2025 డిసెంబరులో లోక్‌సభలో బీజేపీ ఎంపీ అనురాగ్ ఠాకూర్ లేచి, తృణమూల్ సభ్యుడొకరు సభలోనే ఈ-సిగరెట్ పీలుస్తున్నారని స్పీకర్ ఓం బిర్లాకు ఫిర్యాదు చేశారు. ఆ రోజు పేరు చెప్పలేదు. చర్య తీసుకుంటామని స్పీకర్ అన్నారు. ఈ వార్త నేను పేపర్లో చదివి వినిపిస్తుంటే కండక్టరన్న బీడీ పక్కన పెట్టి శ్రద్ధగా విన్నాడు.

"నిజమో అబద్ధమో మనకెందుకు గానీ" అన్నాడు, "ఆడ సీటు కింద ఛార్జింగు పెట్టుకునేది ఉంటాదా అప్పా? మా ఇంట్లో పొద్దున్నుంచి కరెంటు లేదు."