ఖాళీ గిన్నె చార్జీ

2025 దసరా వచ్చింది, అయిపోయింది కూడా. ఆర్టీసీ వారి ఆ ఒక్క మాట మాత్రం నాకు ఇంకా గొంతు దిగలేదు. బతుకమ్మకూ దసరాకూ 7,754 స్పెషల్ బస్సులు వేస్తున్నామన్నారు. సంతోషం. వాటిలో టికెట్టు ఒకటిన్నర రెట్లన్నారు. అదీ ఏటా ఉన్నదే. చెప్పిన కారణం దగ్గరే ఆగిపోయాను. పండక్కి మిమ్మల్ని ఊళ్లో దించిన బస్సు తిరిగి పట్నానికి ఖాళీగా రావాలట, ఆ డీజిలు ఖర్చు కోసం ఈ సవరణట. అంటే నేను కూర్చున్న సీటుకు నేను డబ్బు కట్టాలి, నేను దిగాక ఆ సీట్లో కూర్చోని వాడి తరఫున కూడా సగం కట్టాలి.

దీనికి ఆధారం 2003 నాటి జీవో నంబర్ 16. దాని ఆయుష్షు చూస్తే ముచ్చటేస్తుంది. అది పుట్టినప్పుడు రాష్ట్రం ఒకటే. 2014లో రెండైంది. ఉద్యోగుల్ని పంచుకున్నారు, అప్పుల్ని 58.32, 41.68 లెక్కన పంచుకున్నారు, ఆర్టీసీనే రెండు చేసుకున్నారు. టీఎస్‌ఆర్టీసీ కాస్తా టీజీఎస్‌ఆర్టీసీ అయింది. ముందటి ప్రభుత్వం చేసిందంతా తప్పేనని వచ్చిన ప్రతి ప్రభుత్వమూ ఒట్టేసి చెప్పింది, ఒక్క జీవో 16 విషయంలో తప్ప.

నిజానికి ఈ సిద్ధాంతాన్ని కనిపెట్టింది సచివాలయం కాదు, హైదరాబాద్ ఆటోడ్రైవర్. "వాపస్ ఖాళీ రావాలె సార్, మీటర్ మీద హాఫ్ ఇయ్యిండ్రి" అని ఆయన అంటుంటే దోపిడీ అని తిట్టుకునేవాళ్లం. అదే మాట ఫైలు మీద సంతకంతో వస్తే చార్జీల సవరణ అయింది. న్యాయంగా పేటెంటు డబ్బులు ఆటో యూనియన్‌కు పోవాలి.

ఇంత గొప్ప సూత్రం బస్సులకే పరిమితం కావడం మా అత్తమ్మకు నచ్చలేదు. సిద్దిపేట దగ్గర ఊరు వాళ్లది. పేపర్లో వార్త చదివించుకుని, చివరిదాకా విని, "ఇదేదో మంచిగనే ఉన్నది బిడ్డా. ఇన్నేండ్ల సంది ఈ వంటింటిని నేనే నష్టంల నడుపుతున్న" అంది. ఆ పూటే ఇంట్లో జీవో 16 అమల్లోకి వచ్చింది.

ముందుగా బంధువుల్ని రెండు తరగతులు చేసింది. నెలనెలా వచ్చిపోయేవాళ్లు రెగ్యులర్ సర్వీసు, వాళ్లకు పాత చార్జీలే. పండక్కి మాత్రమే దిగేవాళ్లు స్పెషల్. నేను స్పెషల్. మీ అమ్మాయి ఏ తరగతి అని అడిగితే, "దానికి మహాలక్ష్మి" అంది. ఆడవాళ్లకు ఆర్టీసీ ఇచ్చే జీరో టికెట్టన్నమాట. పక్కపక్కనే కూర్చుని తిన్న ఆలుమగల్లో ఆమెకు సున్నా, నాకు ఒకటిన్నర. పల్లెవెలుగుల్లోనూ ఎక్స్‌ప్రెస్‌లలోనూ పండక్కి పోయే ప్రతి జంటా ఇదే లెక్కన ప్రయాణం చేస్తోంది కాబట్టి నోరెత్తలేకపోయాను. (ఆడవాళ్ల సున్నాతో నాకు పేచీ లేదు. అది రావలసిన సున్నాయే. పక్కనున్న ఒకటిన్నరతోనే పేచీ.)

వసూలు పైసల్లో కాదు, పనిలో. రెగ్యులర్ అల్లుడు బస్తా తంగేడు పూలు కోసుకొస్తే చాలు, స్పెషల్ అల్లుడు బస్తన్నర తేవాలి. గునుగు పూలకు రంగులద్దే పని కూడా నా ఖాతాలోనే పడింది. ఒక బకెట్లో గులాబీ, ఒక బకెట్లో నీలం. కట్టలు కట్టి ముంచడం, దులపడం, గోడవారగా ఆరబెట్టడం. ఆ నీలం గోళ్లసందుల్లోంచి పోలేదు. ఆఫీసులో అడిగినవాళ్లకు ఎన్నికల సిరా అని చెబుతున్నాను.

ఎందుకింత చార్జీ అని అడిగే హక్కు ప్రయాణికుడికి ఉంటుంది కదా, అడిగాను. అత్తమ్మ దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. "మీరు పండక్కి వచ్చినప్పుడు ఈ ఇల్లు నిండుతది. మీరు పోయినంక ఖాళీగ ఉంటది. ఖాళీ ఇంట్ల బుగ్గ ఎలగాలె, నల్లా బిల్లు కట్టాలె. అదంత ఎవరి మీద వెయ్యాలె?" ఆర్టీసీ ఎండీ కూడా ఇంత స్పష్టంగా చెప్పలేదు.

మర్నాడు పొయ్యి దగ్గర పప్పుచారు గిన్నె మూత మీద ఓ కాగితం ముక్క కనిపించింది. అన్నం మెతుకులతో అంటించారు. స్పెషల్ అని రాసి ఉంది. మా బావమరిదికి కాస్త వినియోగదారుల హక్కుల పిచ్చి. మూత తీసి చూసి, "అమ్మా, ఇది నిన్నటి పప్పుచారే గదనే" అన్నాడు. "నిన్న దీనికి బోర్డు లేకుండె" అంది అత్తమ్మ. మరి బోర్డు లేని పప్పుచారు ఎక్కడుందని వాడు వంటిల్లంతా వెతికాడు. దొరకలేదు. మామూలు సర్వీసుల్లో పాత చార్జీలేనని ఆర్టీసీ చెప్పిన మాట అక్షరాలా నిజం, ఆ మామూలు సర్వీసు మన ప్లాట్‌ఫాం మీదికి వస్తే. ముందుకొచ్చి ఆగిన బస్సుకల్లా గమ్ముతో అంటించిన కాగితమే ఉంటోందన్నది ప్రయాణికులు ఏటా చేసే ఫిర్యాదు. మా బావమరిదికి ఈసారి అది బాగా అర్థమైంది.

మాంసం సంగతి రాయను. దసరా అక్టోబర్ 2న వచ్చి గాంధీగారి పుట్టినరోజు మీద పడటంతో ఇంటింటా జరిగిన రాజ్యాంగ సంక్షోభానికి విడిగా ఒక కాలమ్ కావాలి.

సద్దుల బతుకమ్మ నాడు సూత్రం ఇంకాస్త పైకి లేచింది. తాంబాలం చెరువుకు పోయేటప్పుడు నిండా పూలతో పోతుంది, నిమజ్జనమయ్యాక ఖాళీగా వస్తుంది. కాబట్టి పోయేటప్పుడే ఒకటిన్నర రెట్ల ఎత్తు పేర్చాలంది అత్తమ్మ. సగం దూరం పోకముందే అది ఒక పక్కకు ఒరిగింది, పట్టుకోవడానికి ఇద్దరు వదినెలు కావలసి వచ్చారు. సరూర్‌నగర్ స్టేడియంలో సర్కారు వారు 63 అడుగుల బతుకమ్మను నిలబెట్టి గిన్నిస్ వాళ్లను పిలిపించుకున్నారు కదా, అంత ఎత్తు ఎలా వచ్చిందో నాకు అప్పుడు తట్టింది. ఒకటిన్నరను ఒకటిన్నరతో హెచ్చించుకుంటూ పోయి ఉంటారు.

దసరా సాయంత్రం జమ్మి చెట్టు దగ్గర మామయ్య కూడా మారిపోయాడు. బంగారం చేతిలో పెట్టి కాళ్లకు మొక్కితే, ఏటా నూరేళ్లు బతుకు బిడ్డా అనేవాడు, ఈసారి "నూటయాభై" అన్నాడు. స్పెషల్ ఆశీర్వాదం. ఆ పైన యాభై ఏళ్లకు పింఛన్ ఎవరిస్తారని అడుగుదామనుకున్నాను గానీ వెనక జనం తోసుకొస్తున్నారు. పాలపిట్ట ఒక్కటే ఈ లెక్కల్లోకి రాలేదు. అది రానూ ఖాళీయే, పోనూ ఖాళీయే.

చివరికి అత్తమ్మ జీవోను కొట్టేసింది కోర్టు కాదు, ఎదురింటావిడ.

మర్నాడు పొద్దున అత్తమ్మ ఆమెకు స్టీలు గిన్నెలో గారెలు పంపింది. గిన్నె ఖాళీగా వస్తుంది, ఒకటిన్నర రాద్దామని ఎదురుచూస్తూ కూర్చుంది. మధ్యాహ్నం ఆవిడ గిన్నె పట్టుకుని వచ్చింది. లోపల నువ్వుల సద్ది, పైన రెండు మలీద ముద్దలు. "ఖాళీ గిన్నె ఎట్ల పంపుత వదినె" అంది. చార్జీకి ఆధారమే లేకుండా పోయింది. అత్తమ్మ కాసేపు గిన్నెకేసి చూసి, లేచి వెళ్లి పప్పుచారు మూత మీది చీటీ పీకేసింది. ఇంట్లో ఇంకేమీ లేకపోతే చిటికెడు చక్కెరైనా వేసి పంపుతారు తప్ప మన ఇళ్లలో ఖాళీ గిన్నె గడప దాటదు. ఇది ఎదురింటావిడకు తెలుసు, ఆమె కోడలికి తెలుసు, గిన్నె మోసుకొచ్చే పిల్లకు తెలుసు. ఆర్టీసీకి మాత్రం 2003 నుంచీ తెలియలేదు.

బస్సు ఖాళీగా వస్తుందన్నది ప్రకృతి ధర్మమైనట్టు మాట్లాడుతున్నారు. పండగ ముందు నాలుగు రోజులూ ఊళ్ల నుంచి పట్నానికి సగం చార్జీ అని ఒక్కసారైనా ప్రకటించి చూశారా? సెలవు దొరకని కొడుకు దగ్గరికి ఓ తల్లి సద్ది డబ్బా పట్టుకుని ఎక్కేది. నిమ్స్‌లోనో గాంధీలోనో చూపించుకోవాల్సినవాళ్లు ఎక్కేవాళ్లు. దసరా ముందు గుడిమల్కాపూర్ మార్కెట్‌కు ఎన్ని ఊళ్ల బంతిపూలు రావాలి? వాటిని రైతు డీసీఎంలు మాట్లాడుకుని తెచ్చుకుంటాడు, ఆ పక్కనుంచే ఆర్టీసీ బస్సు సీట్లు ఊపుకుంటూ ఖాళీగా వస్తుంది. ఆర్టీసీకి సొంత కార్గో విభాగం ఉంది. బస్సు ఉంది, డ్రైవరున్నాడు, పూలున్నాయి. ఈ మూడింటినీ కలిపే పనికన్నా మనిషి జేబులో చెయ్యి పెట్టడం సులువు కాబట్టి అదే చేస్తున్నారు.

పండగయ్యాక జనం పట్నం తిరుగుముఖం పట్టే రోజుల్లో కూడా స్పెషల్‌లో ఒకటిన్నరే. అప్పుడు బస్సు ఊరివైపు ఖాళీగా పోతుందట! అంటే మనం ఎటు పోతే దానికి ఎదురువైపు బస్సు ఖాళీగా ఉంటుంది, ఆ ఖాళీకి పూచీ మనదే. జీవో అయినా ఒకటిన్నర దాకా పోవచ్చంది గానీ పోయి తీరాలని అనలేదు. ఒకటింబావు దగ్గర ఆగితే ఎవరూ జైల్లో పెట్టరు.

జేబీఎస్‌లోనో ఉప్పల్ క్రాస్‌రోడ్స్‌లోనో ఆరాంఘర్‌లోనో పండగ ముందు రాత్రి ఒక గంట నిలబడి చూడండి. ఒకటిన్నర కడుతున్నదెవరో కనిపిస్తుంది. సెంట్రింగ్ పని చేసేవాడు. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్. అమీర్‌పేట హాస్టల్లో నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్న కుర్రాడు. బట్టల షాపులో పొద్దుటి నుంచీ పండగ బేరాలు చేసి, తన పిల్లలకు కొన్న గౌనుల కవరు చంకలో పెట్టుకుని, బస్సు ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరే సేల్స్‌మన్. ఏడాదికి రెండు రోజులు దొరికితే ఊరికి పోయే మనుషులు. రెండు వందల టికెట్టు మూడు వందలైతే ఆ వంద వాళ్లకు పిల్లల మిఠాయి డబ్బు. పండక్కి ఇంటికి పోవడం వీళ్ల సరదా కాదు. అక్కడ తల్లి ఉంది, పెళ్లాం ఉంది, ఏడాదంతా నాన్న ఎప్పుడొస్తాడని అడిగే పిల్ల ఉంది.

ఇదే రోడ్డు మీద కారులో పోయేవాడి సంగతి చూడండి. జాతీయ రహదారి టోల్‌గేటు దగ్గర 24 గంటల్లో తిరిగొచ్చేలా తీసుకుంటే రానూపోనూ కలిపి ఒకటిన్నర రెట్లే. కారున్నవాడికి ఒకటిన్నరలో రెండు ప్రయాణాలు, కారు లేనివాడికి ఒకటిన్నరకు ఒక్క ప్రయాణం. ఎవరు రాశారయ్యా ఈ ఎక్కాలు?

ఆర్టీసీకి నష్టాలు లేవని నేననను. డీజిలు ఊరికే రాదు. ఆ బస్సు నడిపే డ్రైవరూ కండక్టరూ తమ ఇంటి బతుకమ్మను వదులుకుని వచ్చినవాళ్లే, వాళ్లను ఒక్క మాట అనడానికి నాకు నోరు రాదు. నా కోపం వాళ్ల మీద కాదు. బతుకమ్మను 2014 నుంచీ రాష్ట్ర పండగ అని చెప్పుకుంటున్న ప్రభుత్వాల మీద, అప్పటిదాని మీదా ఇప్పటిదాని మీదా. రాష్ట్ర పండగంటే స్టేడియంలో రికార్డు, హోర్డింగు మీద ఫొటో అనుకుంటున్నారు. పండగకు మనిషిని ఇంటికి చేర్చడం కూడా అందులో భాగమేనని ఎవరికీ తోచలేదు. గిన్నిస్ వాళ్ల కోసం 63 అడుగులు పేర్చగలిగిన ఖజానాకు ఖాళీ బస్సుల డీజిలు బరువైందా? సిగ్గుపడాల్సిన విషయాన్ని పత్రికా ప్రకటనగా పంపుతున్నారు, మేం చదువుకుని లైన్లో నిలబడుతున్నాం.

రవాణా మంత్రిగారూ, వచ్చే పండగ దాకా ఆగకండి. ఖాళీ బస్సుల బిల్లు ఆర్థిక శాఖకు పంపండి, జీవో 16 రద్దు చేయండి. దానికి సర్వే అక్కర్లేదు, కమిటీ అక్కర్లేదు, ఒక్క సంతకం చాలు.