అరుదైన వాళ్ల గుంపు

మయర్స్-బ్రిగ్స్ అనే వ్యక్తిత్వ పరీక్ష లెక్కలో మనుషులు 16 రకాలు. వాటిలో అన్నిటికంటే అరుదైనదని పేరుపడ్డది ఐఎన్‌ఎఫ్‌జే. ఏ ఆఫీసు క్యాంటీన్‌లో అడిగి చూడండి... అందరూ అదే!

టెస్టులో ప్రశ్న: ‘పనులు ప్లాన్ ప్రకారం చేస్తారా?’
కరెంటు బిల్లు ఏనాడూ గడువులోగా కట్టని పెద్దమనిషి ‘తప్పకుండా’ అని నొక్కుతాడు.

‘ఎదుటివారి మాట ఓపిగ్గా వింటారా?’
వంటింట్లోంచి మూడో పిలుపు. ‘అబ్బా, ఉండవే! టెస్టు రాస్తున్నా’ అని కసిరి, ‘ఎల్లప్పుడూ’ నొక్కుతాడు.

ఈ జవాబులన్నీ పెళ్లిచూపుల్లో అబ్బాయి గుణగణాలు అబ్బాయి మేనమామ చెప్పినట్టే!

ఇక వచ్చిన ఫలితాన్ని నమ్మేయడం కొత్తేమీ కాదు. 1948లో అమెరికాలో బెర్ట్రమ్ ఫోరర్ అనే సైకాలజీ మాస్టారు 39 మంది విద్యార్థులకు ‘ఇదీ మీ వ్యక్తిత్వం’ అంటూ తలా ఓ కాగితం ఇచ్చారు. వాళ్లు ‘అచ్చం నేనే’ అని మురిసిపోయి, దానికి సగటున అయిదుకు 4.26 మార్కులేశారు.
కాగితాలన్నిట్లో ఉన్నది ఒకటే. అదీ జాతకాల పుస్తకంలోంచి ఎత్తింది.
(ఆ మాస్టారు ఏ టైపో మరి!)

మీ అసలు టైపు తెలియాలా? ఫోను ఇంట్లోవాళ్ల చేతికిచ్చి, మీ తరఫున టెస్టు నింపమనండి.
వచ్చిన ఫలితం మాత్రం స్టేటస్‌లో పెట్టకండి.